నూరేళ్ళ వరద, నాలుగేళ్ళ జ్ఞాపకం

ఇల్లు అంటుకొన్న తరువాత బావి త్రవ్వబోయిన వాని సామెత తెలుగు దేశంలో తెలియనివారు లేరు. ఆ సామెత చెప్పి నవ్వుకొనేవారిలో తమ పెరట్లో ముందుగా బావి త్రవ్వించుకొన్నవారు ఎందరు అని అడిగితే మాత్రం జవాబు చెప్పటం కష్టం. రాబోయే ఆపదను గురించి తెలియకపోవటం వేరు. తెలిసి కూడా అది తన ఇంటి గడప దాటి రాదని అనుకోవటం వేరు. మొదటిది అజ్ఞానం. రెండవది దాదాపు మానవులందరిలోను ఉన్న స్వభావం. ఈ స్వభావానికి కొలతలు ఉన్నవా, దానిని లెక్కకు అందుకోవచ్చునా అనే ప్రశ్నను గత నూరేళ్ళలో కొందరు శాస్త్రజ్ఞులు చేపట్టారు. విచిత్రమేమంటే, వారి పరిశోధనకు ఆధారమైన వస్తువు ప్రయోగశాలలోని పరికరం కాదు. ఇంటి బీమా పాలిసీ. ఆపద వస్తుందని మనిషి నిజంగా నమ్ముతున్నాడా లేదా అనేది, అతడు దానికోసం చేతిలోని డబ్బు ఖర్చు పెడతాడా లేదా అన్నదానిని బట్టి కొంతవరకు తెలుస్తుంది గదా!

అగ్ని నేర్పిన పాఠం

1666 సెప్టెంబరు 2వ తేదీన లండను నగరంలో ఒక రొట్టెల దుకాణంలో నిప్పు పుట్టింది. నాలుగు రోజులలో సుమారు 13,200 ఇళ్ళు, 87 చర్చీలు భస్మమైపోయినవి. ఇళ్ళు పోగొట్టుకొన్నవారికి నష్టపరిహారం ఇచ్చే నాథుడు లేడు. వైద్యం చదివి ఇళ్ళ నిర్మాణంలో దిగిన నికొలస్ బార్బన్ అనే ఆయన 1680లో కొందరితో కలిసి ఒక అగ్ని బీమా కార్యాలయం తెరిచాడు. ఇటుక ఇంటికి ఒక రేటు, కొయ్య ఇంటికి దానికి రెట్టింపు రేటు. ఆ తరువాత పుట్టిన కంపెనీలు తమ ఖాతాదారుల గోడలకు లోహపు బిళ్ళలు తగిలించి, మంటలార్పే దళాలను కూడా స్వయంగా పోషించినవి.

ఈ వ్యాపారం నిలబడటానికి కారణం చిన్న గణితం. వేయి ఇళ్ళు ఉన్నవనుకొందాం. ఒక్కొక్క ఇంటి విలువ 10,000 రూపాయలు. ఏడాదికి సగటున రెండు ఇళ్ళు కాలుతవి. అంటే మొత్తం నష్టం 20,000 రూపాయలు. వేయి మందీ తలా 20 రూపాయలు వేసుకొంటే కాలిన రెండిళ్ళనూ తిరిగి కట్టవచ్చును. కార్యాలయపు ఖర్చుకు మరి కొంత చేర్చుకొంటే చాలు. ఒక ఏడాది మూడు కాలినా, మరొక ఏడాది ఒకటే కాలినా పదేళ్ళ సగటులో అది సర్దుకొంటుంది. నగరం ఎంత పెద్దదైతే సగటు అంత నమ్మదగినదవుతుంది.

ఇక్కడ మరొక సంగతి గమనించాలి. పెద్ద నగరంలో ఎక్కడో ఒకచోట ఇల్లు కాలటం తరచుగా జరిగేదే. మంటలార్పే దళం పరుగెత్తటం జనం చూస్తూ ఉంటారు. అందువల్ల అగ్నిభయం మనసులో పచ్చిగానే ఉంటుంది. అగ్ని బీమా ప్రజలలో పాతుకొనటానికి ఈ గుర్తు కూడా తోడ్పడింది.

వరదకు ఆ లెక్క ఎందుకు చాలదు?

అదే వేయి ఇళ్ళు ఒక నది ఒడ్డున పల్లంలో ఉన్నవనుకొందాం. ఏ ఏడాదిలోనైనా వరద రావటానికి నూటికి ఒక పాలు అవకాశం ఉన్నది. వస్తే అన్ని ఇళ్ళూ పోతవి. సగటు లెక్క ప్రకారం తలకు ఏడాదికి 100 రూపాయలు వసూలు చేయాలి. ఏటా లక్ష రూపాయలు పోగవుతవి. కాని వరద మూడవ ఏటనే వచ్చిందా, చెల్లించవలసింది కోటి రూపాయలు. పెట్టెలో ఉన్నది మూడు లక్షలు. అగ్ని ఇళ్ళను ఒక్కొక్కటిగా ఏరుకొంటుంది. వరద ఊరంతటినీ ఒక్కసారిగా తీసుకొంటుంది. ఒక ఇంటి నష్టానికి ప్రక్క ఇంటి నష్టానికి సంబంధం లేనప్పుడే బీమా సూత్రం చక్కగా పనిచేస్తుంది. భూకంపానికీ, తుఫానుకూ ఇదే చిక్కు.

దీనికి తోడు మరొక ఇబ్బంది ఉన్నది. మెట్ట మీద ఇల్లున్నవాడు వరద బీమా కొనడు. ఏటిగట్టు క్రింద ఉన్నవాడు మాత్రమే కొంటాడు. అట్లా నష్టభయం ఎక్కువగా ఉన్నవారే చేరితే రేటు పెరుగుతుంది; రేటు పెరిగితే ఓ మోస్తరు భయం ఉన్నవారు తప్పుకొంటారు. దీనిని ఆర్థిక శాస్త్రంలో ప్రతికూల ఎంపిక అంటారు.

1927లో అమెరికాలో మిసిసిపీ నది ఈ సంగతిని రుజువు చేసింది. ఆ ఏడు వసంతంలో గట్లు తెగి సుమారు 70,000 చదరపు కిలోమీటర్ల నేల మునిగింది. ఆరు లక్షలమందికి పైగా నిరాశ్రయులైనారు. ఆ తరువాత అక్కడి ప్రైవేటు కంపెనీలు ఇళ్ళకు వరద బీమా ఇవ్వటం దాదాపు మానుకొన్నవి. అప్పటినుంచి నలభై సంవత్సరాలపాటు ఆ దేశంలో మామూలు గృహస్థుడు వరద బీమా కొందామన్నా అమ్మేవాడు లేడు.

గట్ల మీద నమ్మకం

బీమా లేని ఆ కాలంలో ప్రజలు ఆధారపడినది గట్ల మీద, ఆనకట్టల మీద. 1928లోను, 1936లోను వచ్చిన వరద నివారణ చట్టాల క్రింద అమెరికా ప్రభుత్వం నదులను కట్టడి చేయటానికి విస్తారంగా ధనం వెచ్చించింది. అయినా వరదనష్టం తగ్గలేదు. దీనికి కారణం వెదికినవాడు గిల్బర్ట్ వైట్ అనే భూగోళ శాస్త్రజ్ఞుడు. షికాగో విశ్వవిద్యాలయానికి ఆయన సమర్పించిన సిద్ధాంత వ్యాసం 1945లో గ్రంథంగా వెలువడింది. వరదను తెచ్చేది ప్రకృతే అయినా, నష్టాన్ని తెచ్చుకొనేది చాలవరకు మనిషే అని ఆయన వాదం.

ఇది ఎట్లా జరుగుతుందో చూడండి. గట్టు వేయకముందు పల్లపు నేలలో ఏటా కొద్దిగా నీరు చేరుతుంది. అక్కడ పశువులు మేస్తవి. ఎవరూ మేడ కట్టరు. గట్టు వేయగానే చిన్న వరదలు ఆగిపోతవి. పదేళ్ళు నీరు కనబడకపోయేసరికి ఆ నేల క్షేమమైనదని పేరు పడుతుంది. ఇళ్ళు లేస్తవి, బడులు లేస్తవి, బజారు వెలుస్తుంది. ఒకనాడు గట్టు తట్టుకోలేని పెద్ద వరద వస్తుంది. పూర్వం పచ్చిక మునిగిన చోట ఇప్పుడు పేట మునుగుతుంది. గట్టు చిన్న నష్టాలను ఆపింది, నిజమే; కాని వాటితోపాటు చిన్న హెచ్చరికలను కూడా ఆపివేసింది.

వైట్ శిష్యుడైన రాబర్ట్ కేట్స్ టెన్నెసీ రాష్ట్రంలోని లాఫాలెట్ అనే ఊరిని పరిశీలించి 1962లో ఒక గ్రంథం ప్రకటించాడు. వరదపల్లంలో నివసించేవారినీ, దుకాణాలు పెట్టుకొన్నవారినీ స్వయంగా ప్రశ్నించి ఆయన కనుగొన్న విషయం ఇది: తాము చూచిన వరదలే వరదలు అని వారి నమ్మకం. మోకాటిలోతు నీరు చూచినవాడు రాబోయే వరద కూడా మోకాటిలోతే ఉంటుందనుకొంటాడు. ఏమీ చూడనివాడు ఏమీ రాదనుకొంటాడు. ఇంకొందరు, మొన్ననే వచ్చింది కాబట్టి ఇక ఇప్పట్లో రాదని ధైర్యం చెప్పుకొంటారు. మనిషి అనుభవం అతనికి గురువు మాత్రమే కాదు, కొన్నిచోట్ల చెరసాల కూడా.

చట్టం వచ్చింది, జనం రాలేదు

1965 సెప్టెంబరులో బెట్సీ అనే తుఫాను లూసియానా తీరాన్ని తాకింది. న్యూ ఆర్లియన్సులో పెక్కు పేటలు మునిగినవి. నష్టం నూరు కోట్ల డాలర్లు దాటింది. మునిగినవారికి సహాయం చేయక ప్రభుత్వానికి తప్పలేదు. ప్రతిసారీ ఖజానా నుంచి దానం చేయటం కంటె, ముందుగానే ప్రజలచేత కొంత పొదుపు చేయించటం మేలని భావించి 1968లో జాతీయ వరద బీమా చట్టం చేశారు. గ్రామమో, పట్టణమో వరదపల్లంలో ఇళ్ళ నిర్మాణాన్ని అదుపులో పెట్టడానికి ఒప్పుకోవాలి. అప్పుడు అక్కడి గృహస్థులకు ప్రభుత్వం వరద బీమా ఇస్తుంది. పాత ఇళ్ళకు రేటు అసలు నష్టభయానికి తగిన దానికంటె బాగా తక్కువ. మిగిలినది ప్రభుత్వం భరిస్తుంది.

ఇంత చౌకగా ఇస్తే జనం ఎగబడి కొంటారని చట్టం చేసినవారు ఆశించారు. 1972 జూనులో ఆగ్నెస్ తుఫాను వచ్చి పెన్సిల్వేనియాలో సస్కెహన్నా నది పొంగినప్పుడు చూస్తే, మునిగిన ఇళ్ళలో పాలిసీ ఉన్నవి బహు స్వల్పం. మరుసటి ఏడే చట్టాన్ని సవరించవలసి వచ్చింది. వరదభయం ఎక్కువగా ఉన్నట్లు పటంలో గుర్తించిన చోట ఇంటికి బ్యాంకు అప్పు కావాలంటే వరద బీమా తప్పనిసరి అని 1973లో శాసించారు.

చౌకగా ఇచ్చినా ఎందుకు కొనలేదు? దీనిని తేల్చడానికి హొవర్డ్ కున్‌రూథర్ అనే ఆర్థిక శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఒక పెద్ద పరిశీలన జరిపి 1978లో గ్రంథం ప్రకటించారు. వరదభయం ఉన్న ప్రాంతాలలో రెండువేలమందికి పైగా, కాలిఫోర్నియాలో భూకంపభయం ఉన్నచోట్ల సుమారు వేయిమంది గృహస్థులను వారు ప్రశ్నించారు. కొందరికి అటువంటి బీమా ఉన్నదనే తెలియదు. తెలిసినవారిలో కూడా ఎంత కట్టాలో, ఎంత వస్తుందో సరిగా ఎరిగినవారు తక్కువ. ప్రభుత్వం ఎట్లాగూ ఆదుకొంటుందిలే అనే ధీమాతో మానుకొన్నవారు చాలామంది ఉంటారని అంతకుముందు అందరి ఊహ. అది అంత నిజం కాదని తేలింది. అసలు వారు ఆపదను గురించి ఆలోచించనే లేదు. కొన్నవారు ఎందుకు కొన్నారని చూస్తే, లెక్క వేసి కొన్నవారికంటె, లోగడ తామే నష్టపోయి కొన్నవారు, స్నేహితుడో ఇరుగుపొరుగువారో కొన్నారని విని కొన్నవారు ఎక్కువగా కనిపించారు.

ఇదే కాలంలో పాల్ స్లోవిక్, ఆయన మిత్రులు ప్రయోగశాలలో ఒక ఆట పెట్టి చూశారు. తరచుగా వచ్చే చిన్న నష్టం ఒకటి, అరుదుగా వచ్చే పెద్ద నష్టం ఒకటి. సగటున రెండూ సమానమే. దేనికి బీమా కొంటారని అడిగితే ఎక్కువమంది చిన్న నష్టానికే మొగ్గు చూపారు. ఒక హద్దుకు లోపల ఉన్న సంభావ్యతను మనసు సున్నాగానే లెక్క కడుతున్నదన్నమాట. బీమా శాస్త్రం చెప్పేది సరిగా దీనికి విరుద్ధం. పగిలిన అద్దాన్ని మనిషి తన చేతి డబ్బుతో మార్చుకోగలడు. పోయిన ఇంటిని మార్చుకోలేడు. బీమా కావలసింది పెద్ద నష్టానికే.

ఆమస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1973లో మరొక సంగతి చూపారు. ఒక సంఘటన ఎంత సులభంగా జ్ఞాపకానికి వస్తే, అది అంత తరచుగా జరుగుతుందని మనిషి అనుకొంటాడు. వరద వచ్చి వెళ్ళిన మరునాడు గోడమీది బురద గీత కళ్ళ ముందే ఉంటుంది. భయం అసలు కంటె ఎక్కువ. గోడకు సున్నం వేసిన కొన్నేళ్ళకు గీతా ఉండదు, భయమూ ఉండదు. నది మాత్రం మారలేదు.

నూరేళ్ళ వరద అంటే ఏమిటి?

ఈ పొరపాటుకు శాస్త్రజ్ఞుల పరిభాష కూడా కొంత కారణమైంది. ఏ సంవత్సరంలోనైనా రావటానికి నూటికి ఒక పాలు అవకాశం ఉన్న వరదను నూరేళ్ళ వరద అన్నారు. అది విన్నవాడు నూరేళ్ళకొకసారి వచ్చే వరద అనుకొన్నాడు. నిరుడు వచ్చింది గనుక ఇక తన మనుమల కాలానికి గాని రాదని నిశ్చింతగా ఉన్నాడు. నదికి పంచాంగం తెలియదు. నిరుడు వచ్చినా ఈ ఏటి అవకాశం మళ్ళీ నూటికి ఒకటే.

విద్యార్థులు ఈ లెక్కను సులభంగా చేయవచ్చును. ఒక ఏడాది వరద రాకుండా ఉండే సంభావ్యత 0.99. వరుసగా 30 ఏళ్ళు రాకుండా ఉండే సంభావ్యత 0.99ను 30 సార్లు గుణిస్తే వస్తుంది. అది సుమారు 0.74. కాబట్టి 30 ఏళ్ళలో కనీసం ఒక్కసారైనా వచ్చే అవకాశం నూటికి 26. ఇంటి అప్పు తీరటానికి పట్టే కాలం సుమారుగా ఇంతే. 70 ఏళ్ళకు లెక్కిస్తే అవకాశం సగానికి కొంచెం పైన. నూరేళ్ళకు లెక్కిస్తే నూటికి 63. అంటే నూరేళ్ళ వరద నూరేళ్ళలో తప్పక వస్తుందన్నది కూడా నిజం కాదు.

నూటికి ఒకటి అంటే పెదవి విరిచేవాడు, నాలుగింట ఒక వంతు అంటే తల ఎత్తి చూస్తాడు. నిజం ఒకటే, చెప్పిన తీరు వేరు. స్విట్జర్లాండులో జరిపి 2006లో ప్రకటించిన ప్రయోగాలలో ఒకే వరదభయాన్ని ఏడాది లెక్కన కాక ముప్పై ఏళ్ళ లెక్కన చెప్పినప్పుడు జనానికి అది ఎక్కువ ప్రమాదంగా తోచింది. ప్రజలకు లెక్కలు రావని నిందించే ముందు, లెక్కను ఏ రూపంలో చెబుతున్నామో చెప్పేవారు చూచుకోవాలి.

భూమి కదిలినప్పుడు

వరద కథే భూకంపంలోనూ పునరావృత్తి అయింది. 1994 జనవరి 17 తెల్లవారుజామున కాలిఫోర్నియాలో లాస్ ఏంజెలిస్ దగ్గర నార్త్‌రిడ్జి భూకంపం వచ్చింది; పరిమాణం 6.7. బీమా కంపెనీలు చెల్లించవలసి వచ్చిన సొమ్ము వెయ్యి కోట్ల డాలర్లకు మించిపోయింది. అంతకుముందు ఎన్నో ఏళ్ళుగా భూకంప బీమా క్రింద వసూలైన ప్రీమియంల మొత్తం దీనిలో చిన్న భాగం మాత్రమే. ఆ రాష్ట్రపు చట్టం ప్రకారం ఇంటి బీమా అమ్మే కంపెనీ భూకంప బీమా కూడా ఇవ్వజూపాలి. అందుచేత కంపెనీలు అసలు ఇంటి బీమా అమ్మటమే తగ్గించివేసినవి. ఇళ్ళ క్రయవిక్రయాలకు ఇబ్బంది కలగటంతో, 1996లో ప్రభుత్వ పర్యవేక్షణలో ఒక భూకంప బీమా సంస్థను స్థాపించారు.

మొదట గృహస్థులు మరచిపోయారు. భూకంపం వచ్చాక కంపెనీలు భయపడినవి. జనం కొనాలని తొందరపడిన సమయానికి రేట్లు పెరిగినవి, షరతులు బిగిసినవి. ఏళ్ళు గడిచినకొద్దీ కొనేవారూ తగ్గారు. నార్త్‌రిడ్జి నాటికి ఆ రాష్ట్రంలో సుమారు మూడింట ఒక వంతు ఇళ్ళకు ఉన్న భూకంప బీమా, తరువాతి కాలంలో నూటికి పది, పదిహేను ఇళ్ళకు మించలేదు.

జ్ఞాపకం ఎన్నాళ్ళు?

వరద బీమా తీసుకొన్నవారు దానిని ఎన్నాళ్ళు ఉంచుకొంటారు? అమెరికాలో 2001 నుంచి 2009 వరకు అమలులో ఉన్న పాలిసీలన్నిటినీ పరిశీలించి 2012లో కున్‌రూథర్, మిషెల్-కెర్జాన్ మొదలైనవారు ప్రకటించిన ఫలితం ప్రకారం, సగటు గృహస్థుడు పాలిసీని రెండు నుంచి నాలుగేళ్ళు మాత్రమే కొనసాగిస్తున్నాడు. మరొక పరిశోధన 2014లో వెలువడింది. వరద వచ్చిన మరుసటి ఏడు ఆ ప్రాంతంలో పాలిసీలు నూటికి తొమ్మిది వంతున పెరుగుతవి. తరువాత క్రమంగా తగ్గుతూ తొమ్మిదేళ్ళకు మళ్ళీ పాత మట్టానికే చేరుతవి.

వదలుకొన్నవాడు చెప్పే కారణం ఒకటే: ఇన్నేళ్ళు కట్టాను, పైసా తిరిగి రాలేదు. బీమాను అతడు పెట్టుబడి అనుకొన్నాడు. వీధి తలుపుకు గడియ వేసుకొన్నవాడు, ఇన్నాళ్ళూ దొంగ రాలేదు గనుక గడియ దండుగ అయిందని విచారించడు. ఇల్లు మునగకుండా పాలిసీ కాలం గడిచిపోవటమే అతనికి దక్కిన లాభం.

అయితే తప్పంతా గృహస్థుడిదే అనటం న్యాయం కాదు. 2005 ఆగస్టులో కట్రీనా తుఫానుకు న్యూ ఆర్లియన్సు గట్లు తెగి నగరంలో సుమారు నూటికి ఎనభై వంతులు మునిగింది. పాలిసీ ఉన్నవారు కూడా ఇల్లు గాలికి పోయిందా, నీటికి పోయిందా అన్న తగవులో చిక్కుకొన్నారు. గాలి నష్టం ఒకరి పాలిసీలో, నీటి నష్టం మరొకరి పాలిసీలో ఉండటమే దీనికి మూలం. చౌక రేట్ల వలన జాతీయ వరద బీమా పథకం అప్పులపాలై, 2017లో 1,600 కోట్ల డాలర్ల అప్పును ప్రభుత్వం రద్దు చేయవలసి వచ్చింది. 2021 నుంచి ఒక్కొక్క ఇంటికి దాని ఎత్తును, నీటికి దాని దూరాన్ని బట్టి రేటు కట్టే పద్ధతి ప్రవేశపెట్టారు. రేటు నిజం చెబితే పేదవానికి భారం. రేటు అబద్ధం చెబితే పల్లంలో మరిన్ని ఇళ్ళు లేస్తవి. ఈ చిక్కుముడి ఇంకా పూర్తిగా విడలేదు.

మన తీరంలో

ఈ చరిత్ర దూరదేశానిదే అయినా దాని నీడ తెలుగు తీరం మీద కూడా ఉన్నది. 1864 నవంబరు 1న మచిలీపట్నాన్ని ఉప్పెన ముంచి సుమారు ముప్పైవేలమందిని బలిగొన్నది. 113 సంవత్సరాల తరువాత, 1977 నవంబరు 19న, దివిసీమలో దాదాపు అయిదు మీటర్ల ఎత్తున సముద్రం లేచినప్పుడు అధికారిక లెక్కల ప్రకారమే సుమారు పదివేలమంది మరణించారు. మొదటి ఉప్పెనను చూచినవారిలో ఒక్కరైనా రెండవదాని నాటికి మిగిలి లేరు. జ్ఞాపకానికి ఉన్న ఆయుర్దాయం మనిషి ఆయుర్దాయం కంటె ఎక్కువ కాదు; ప్రకృతి లెక్క దానికంటె పెద్దది. ఇటువంటి చోట మొదట కావలసినవి హెచ్చరిక, తుఫాను ఆశ్రయాలు, గట్టి ఇళ్ళు. పోయిన ప్రాణాన్ని ఏ బీమా తేలేదు. కాని ప్రాణం దక్కినవాడు మళ్ళీ ఇల్లు కట్టుకోవాలి గదా!

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు, 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ ప్రాంతాన్ని ముంచినప్పుడు, నష్టపోయింది గుడిసెలు మాత్రమే కాదు. అప్పు చేసి కట్టుకొన్న మధ్యతరగతి ఇళ్ళు కూడా. హైదరాబాదులో కార్యస్థానం ఉన్న బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ ఆదేశం మేరకు 2021 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలన్నీ 'భారత్ గృహరక్ష' అనే ఒకే నమూనా పాలిసీని అమ్ముతున్నవి. అగ్ని, భూకంపం, తుఫాను, వరద, కొండచరియలు విరగటం—ఇవన్నీ అందులో చేరి ఉన్నవి. గాలా, నీరా అన్న తగవుకు ఇందులో అంతగా తావు లేదు. అయినా భారతదేశంలో ఇంటికి బీమా ఉన్న కుటుంబాలు బహు కొద్ది. మోటారు బండికి చట్టం అడుగుతుంది గనుక బీమా ఉంటుంది. ఆ బండిని నిలిపే ఇంటికి ఉండదు.

ఈ విషయాన్ని తరగతిలో చూపటానికి ఖర్చు అక్కరలేదు. ఒక సంచిలో 99 తెల్ల గింజలు, ఒక ఎర్ర గింజ వేయాలి. ఒక్కొక్క విద్యార్థి చూడకుండా ఒక గింజ తీసి, చూచి, తిరిగి సంచిలో వేసి కలపాలి. ఇట్లా 30 సార్లు తీయాలి; ఒక్కొక్కసారి ఒక్కొక్క ఏడాది. నలభైమంది ఉన్న తరగతిలో సుమారు పదిమందికి ఎర్ర గింజ కనీసం ఒక్కసారైనా తగులుతుంది. ఎవరికి తగులుతుందో ముందుగా చెప్పగలవారు ఉండరు. ఎర్ర గింజ తగిలినవానిని రెండవ ఏడే మళ్ళీ తీయమంటే, అది మళ్ళీ తగలదని అతనికి హామీ ఇచ్చేవారూ ఉండరు. ఆ తరువాత ప్రతి విద్యార్థినీ ఒక ప్రశ్న అడగవచ్చును: మీ ఊరిలో నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో మీ ఇంటిలో అందరికంటె పెద్దవారిని అడిగి తెలుసుకొన్నావా? ఆ జవాబులను ఒక పుస్తకంలో వ్రాసి బడిలో భద్రపరిస్తే, మనుషులు మరచిపోయినదానిని ఆ పుస్తకం మరచిపోదు.